వెస్ట్‌వే కింది నేల ఎవరి వల్ల బాగుపడింది?

ప్రశ్న:
లండన్‌లోని పోర్టొబెల్లో సంతకు వెళ్లినప్పుడు, తల మీదుగా సాగే వెస్ట్‌వే రహదారి స్తంభాల మధ్య దుకాణాలు, ఆటస్థలాలు ఉండటం గమనించాను. మోటార్‌వే, అంటే వాహనాలు ఆగకుండా వేగంగా పోయే పెద్ద రహదారి, పడిన పేట చితికిపోతుందనే ఇన్నాళ్లూ చదువుకున్నాను. ఈ పునరుద్ధరణ మొదటి ప్రణాళికలోనే ఉందా? తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి జవాబు:
లేదండీ. సుమారు 4 కిలోమీటర్ల పొడవైన ఆ ఎత్తు రహదారిని కట్టేటప్పుడు నగరంలోకి కార్లు ఆగకుండా వచ్చిపోవడం గురించే ఆలోచించారు. దారికి అడ్డొచ్చిన ఇళ్లను కూల్చి అక్కడివారిని తరలించారు గానీ, అడ్డురాని ఇళ్లను, వాటి కిటికీలకు కొన్ని అడుగుల దూరంలోనే వాహనాలు పరుగెడతాయని తెలిసి కూడా, అలాగే వదిలేశారు. అందుకే 1970 జూలై 28న రవాణా శాఖ జూనియర్ మంత్రి మైకేల్ హెసెల్టైన్ రహదారిని ప్రారంభించినప్పుడు, దాని పక్కనే ఉన్న అక్లమ్ రోడ్డువాసులు ఈ నరకం నుంచి తప్పించి వేరే ఇళ్లు ఇవ్వమని తమ ఇళ్ల మీద పెద్ద అక్షరాలతో బ్యానర్లు కట్టారు.

ఈ రహదారి పడిన నార్త్ కెన్సింగ్టన్ అప్పటికే ఇరుకు అద్దె గదుల పేట. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో అక్కడ ఉండేవి, పిల్లలు ఆడుకోవడానికి చోటే కరువు. స్తంభాల కింద మిగిలిన 23 ఎకరాలను కార్ల పార్కింగుకు వదలకుండా తమకే ఇవ్వాలని స్థానికులు పట్టుబట్టారు. దాని ఫలితంగానే 1971లో స్థానిక కౌన్సిల్‌తో కలిసి ఒక ట్రస్టు ఏర్పడింది; నేటి వెస్ట్‌వే ట్రస్టు అదే. మీరు చూసిన ఆటస్థలాలు ఆ పట్టుదల వల్ల దక్కినవే.

రెండో జవాబు:
పై వివరణకు ఒక విషయం చేర్చాలి. 1973కు ముందు, రోడ్డు కోసం మీ స్థలాన్ని ప్రభుత్వం సేకరించకపోతే, పక్కనే పడిన రోడ్డు మోత వల్ల ఇంటి విలువ పడిపోయినా సాధారణంగా పరిహారం ఉండేది కాదు. ఆ లోపాన్ని సరిదిద్దిన 1973 నాటి భూపరిహార చట్టం వెనుక అక్లమ్ రోడ్డు నిరసన కూడా ఒక కారణం. అదే ఏడాది లండన్ చుట్టూ తలపెట్టిన రింగ్‌వే మోటార్‌వేల పథకాన్నీ విరమించారు. అయితే దీనిని పునరుద్ధరణ అనడానికి నాకు మనసొప్పడం లేదు. పొగ, మోత అలాగే ఉన్నాయి. ట్రస్టు నడిచేది చాలావరకు దుకాణాల అద్దెల మీద కనుక, అద్దె రాబడికీ పేటవాసుల అవసరానికీ మధ్య పెనుగులాట తప్పదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఆ పెనుగులాట నిజమేనండీ. అయినా 2017 జూన్‌లో దగ్గర్లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే బహుళ అంతస్తుల నివాస భవనం కాలిపోయినప్పుడు, బాధితులకు సహాయ కేంద్రంగా నిలిచింది ఈ రహదారి కింది క్రీడా ప్రాంగణమే. ఆ చోటు పార్కింగుగా మిగిలిపోయి ఉంటే వారు ఎక్కడికి వెళ్లేవారో ఊహించలేను.