పెదనాన్న ట్రంకు పెట్టెలోని ఫోటోలు, ఉత్తరాలు కజిన్స్ అందరికీ ఒకే చోట దొరికేలా ఎలా పెట్టాలి?

దివిసీమ మనవరాలు: నమస్తే అండీ. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇంట్లో కాగితం ముక్క మిగల్లేదు. చదువుకోడానికి విజయవాడ వెళ్తూ పెదనాన్న పట్టుకెళ్లిన ట్రంకు పెట్టె ఒక్కటే మిగిలింది. పోయిన నెల తెరిచాం. గుప్పున కలరా ఉండల వాసన. నలభై దాకా ఫోటోలు, ఇన్‌లాండ్ ఉత్తరాలు, అడుగున తాతయ్య లెక్కల పుస్తకం. అది అందులోకి ఎలా చేరిందో ఎవరికీ తెలీదు. నాయనమ్మ ఫోటో ఫ్రేము గాజుకి అంటుకుపోయింది. కాస్త లాగానో లేదో, చెవి కమ్మ దగ్గర పెచ్చు లేచింది. భయమేసి వదిలేశాను.

వాట్సాప్ గ్రూపులో పెడితే వారానికే పుట్టినరోజు శుభాకాంక్షల కింద కూరుకుపోయాయి. మేం పధ్నాలుగు మందిమి, గుంటూరు నుంచి డల్లాస్ దాకా ఉన్నాం. ఎవరి అకౌంట్‌లో పెట్టాలి? పైగా పెట్టెలో పొలం కాగితాలు కూడా ఉన్నాయి. "పెట్టె గుమ్మం దాటదు" అంటున్నారు పెదనాన్న.

పాత ఫోటోల పిచ్చోడు: అమ్మా, గాజుకి అంటుకున్నదాన్ని ఇంక ముట్టుకోవద్దు. ఫ్రేముతోనే ఉంచి, గదిలో లైటు ఆపేసి, పక్కనుంచి కిటికీ వెలుగు పడేలా పెట్టి ఫోటో తీయండి. ఫోను వెనక నల్లగుడ్డ పట్టుకుంటే గాజులో మీ నీడ పడదు. మిగతావి 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేయండి. వెనకవైపు కూడా! సగం కథ అక్కడే రాసుంటుంది. పెట్టె కదలకపోతే స్కానర్‌నే ఆయనింటికి మోసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది.

గుంటూరు బావ: మా అమ్మ వైపు ఒకరు ఉత్సాహం కొద్దీ పంపకాల దస్తావేజు కూడా ఫోల్డర్‌లో పెట్టేశారు. ఇద్దరు మావయ్యలకి ఏడాది మాటల్లేవు. పొలం కాగితాలు ఆయన దగ్గరే ఉండనివ్వండి. ఆ మాట ముందే చెప్తే పెట్టె దానంతటదే తెరుచుకుంటుంది.

అకౌంట్ మాత్రం కుటుంబం పేరుతో కొత్తది తెరవండి. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, మెయిల్‌తో కలిపి. రెండేళ్లు ఎవరూ వాడకపోతే అకౌంట్ తీసేసే అవకాశం ఉంది, కాబట్టి పాస్‌వర్డ్ కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. గుంటూరులో ఒక హార్డ్‌డిస్క్, డల్లాస్‌లో ఒకటి. అన్నీ ఒకేచోట పెట్టొద్దని ఉప్పెన చూసిన ఇంటికి నేను చెప్పాలా?

దివిసీమ మనవరాలు: థాంక్సండీ. ఒక చిక్కు. లెక్కల పుస్తకంలో పెద్దత్తయ్య పుట్టుక "విరోధి నామ సంవత్సరం, మాఘమాసం" అని ఉంది. ఆధార్‌లో 1947 జులై 1. ఏది రాయాలి?

పాత ఫోటోల పిచ్చోడు: విరోధి 1949 ఉగాదికి మొదలైంది. మాఘం వచ్చేసరికి 1950. జులై 1 అంటే బళ్లో వేసేటప్పుడు మాస్టారు వేసిన తేదీ అయ్యుంటుంది. రెండూ రాయండి, ఏది ఎక్కడిదో పక్కన పెట్టండి. అన్నట్టు వంశవృక్షం గీస్తే కోడళ్ల పుట్టింటి ఇంటిపేర్లు కూడా అడిగి రాయండి. మా ఇంట్లో మగాళ్ల పేర్లు ఏడు తరాలవి ఉన్నాయి, మా ముత్తవ్వ పేరు మాత్రం లేదు.

దివిసీమ మనవరాలు: ఆదివారం స్కానర్ తీసుకెళ్లాం. పొలం కాగితాలు పెదనాన్న ముందే తీసి బీరువాలో పెట్టేసుకున్నారు. ఒక్కో ఫోటో చూపిస్తూ ఫోన్‌లో ఆయన గొంతు రికార్డు చేశాను. గాజుకి అంటుకున్నది చూడగానే, "ఇది మీ నాయనమ్మ కాదే, మా పిన్ని. ఆ కమ్మలు దానివి. ఉప్పెనలో పోయింది" అన్నారు. నాయనమ్మకి చెల్లెలు ఉండేదని మా పధ్నాలుగు మందిలో ఒక్కరికీ తెలీదు. పేరు అడిగి, ఫైలు పేరు మార్చాను.