సంతలో కొన్న పిల్లలు: ఏ జాతి, ఏది పుంజు, ఏది పెట్ట?

ప్రశ్న (గుణుపురం వైపు నుంచి)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. రెండు నెలల కిందట వారపు సంతలో తొమ్మిది కోడిపిల్లలు కొన్నాను. అన్నీ వనరాజా పెట్టలే అని అమ్మినతను చెప్పాడు. ఇప్పుడు వాటికి పది వారాలు ఉంటాయేమో. మూడు ఇటుక రంగువి, రెండు పొడుగు కాళ్లతో నిక్కి నిలబడేవి, ఒకదానికి మెడ మీద ఈకలే లేవు, ఒకటి నల్లది, రెండు చుక్కలవి. ఇటుక రంగువి డేగ జాతి అని మా అత్తగారు, నల్లది కడక్‌నాథ్ అని పక్కింటివాళ్లు అంటున్నారు. పిల్లలకు ఇంటి గుడ్డు పెట్టాలని కొన్నాను. సగం పుంజులే అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు (పర్లాకిమిడి నుంచి)

అమ్మా, ముందు ఒక మాట. రంగు వేరు, జాతి వేరు. డేగ, కాకి, నెమలి, పర్ల ఇవన్నీ మనవాళ్లు ఈకల రంగును బట్టి పెట్టుకున్న పేర్లు. ఒకే తల్లి కింద డేగా పుడుతుంది, కాకీ పుడుతుంది. అందుకని రంగు చూసి జాతి చెప్పేవాళ్లను నమ్మకండి. తల మీద జుట్టు, ఒంటి కట్టు, కాళ్లు చూడాలి.

నిక్కి నిలబడే రెండింటి జుట్టు చూడండి. రంపం పళ్లలా నిలువుగా కాకుండా, తలకు అతుక్కుని మూడు వరసల చిన్న బొడిపెల్లా ఉంటే వాటిలో అసీల్ రక్తం ఉన్నట్టే. విజయనగరం, శ్రీకాకుళం వైపు పెంచే డంకి కూడా ఇలాంటి పందెం కోడే కాబట్టి మన సరిహద్దు సంతల్లో ఆ కలగలుపు దొరకడం వింత కాదు. ఇవి గుడ్లు తక్కువే పెడతాయి, కానీ పొదుగుడుకు, పిల్లల్ని కాచుకోవడానికి వీటి తర్వాతే ఏదైనా.

నల్లదాని రెక్క ఎత్తి చర్మం చూడండి, నోరు తెరిచి నాలుక చూడండి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్‌కి చర్మం, నాలుక, మాంసం కూడా నల్లగా ఉంటాయి. ఈకలు మాత్రమే నల్లగా ఉంటే అది నల్ల నాటుకోడి, అంతే. బోసి మెడ కూడా వేరే జాతి అని చెప్పడానికి చాలదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆ లక్షణం వచ్చినా మెడ బోసిపోతుంది. అలా ఒక్కరి నుంచే వస్తే మెడ ముందు చిన్న ఈకల కుచ్చు మిగులుతుంది. ఇలాంటి కోళ్లు ఎండకు బాగా తట్టుకుంటాయి, అమ్మేయకండి.

వనరాజా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన సంకరం. ఈకలు రకరకాల రంగుల్లో ఉంటాయి, జుట్టు నిలువుగా ఒకే వరస, నాటుకోడి కన్నా త్వరగా బరువెక్కుతుంది. మీ ఇటుక రంగువి, చుక్కలవి అదే ఈడు నాటు పిల్లల కన్నా బాగా పెద్దగా ఉంటే వనరాజా కావచ్చు. పెరట్లో ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. గుడ్లే ముఖ్యమైతే ఈసారి అదే సంస్థ తెచ్చిన గ్రామప్రియ అడగండి, ఇంకా ఎక్కువ పెడుతుంది.

ఇక పుంజా పెట్టా అన్నది. చీకటి పడ్డాక గూట్లోంచి ఒక్కొక్కటి తీసి, టార్చి వేసి, తోకకు కాస్త ముందు నడుం మీది ఈకలు విడదీసి చూడండి. సన్నగా, కొన తేలి, మెరుస్తూ కొత్త ఈకలు వస్తుంటే పుంజు. కొన గుండ్రంగా ఉంటే పెట్ట. పది పన్నెండు వారాలకు ఈ తేడా మొదలవుతుంది, నాకు తెలిసి ఇంతకన్నా నమ్మకమైన గుర్తు ఇంట్లో చూసుకునేది లేదు. జుట్టు ఎర్రబడి పెరగడం కూడా గుర్తే. కానీ అసీల్ పోలికవాటికి జుట్టు చిన్నది కాబట్టి ఆ గుర్తుతో మోసపోతారు. కాలి ముల్లును నమ్మకండి, ముసలి పెట్టలకూ వస్తుంది. కోల గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అన్నది కూడా నిజం కాదు.

జవాబు (రాయగడ నుంచి)

అక్కా, ఒడియా అమ్మకందారులతో బేరమాడేటప్పుడు పుంజును ‘గొంజా’, పెట్టను ‘మాయి’ అని అడగండి. నెల లోపు పిల్లల్లో అన్నీ పెట్టలే అని ఎవరు చెప్పినా దానికి ఎక్కువ ధర ఇవ్వకండి. రెండున్నర నెలలవి కొనండి, ధర ఎక్కువైనా తేలిపోతుంది.

మళ్లీ గుణుపురం నుంచి

రాత్రి అన్నిటినీ చూశాను. ఇటుక రంగువాటిలో రెండు, నిక్కే వాటిలో ఒకటి, చుక్కలదొకటి పుంజులు. నల్లదాని నాలుక ఎర్రగానే ఉంది. బోసి మెడది తేల్చుకోలేకపోయాను. పుంజు లేకపోతే గుడ్లు పెట్టవా? నాలుగూ ఉంచాలా?

జవాబు (పర్లాకిమిడి నుంచి)

పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుందమ్మా, ఆ గుడ్డు పొదగేస్తే పిల్ల రాదు, అంతే. మీ పెట్టలకు ఒక పుంజు చాలు. అందులో బలంగా, చలాకీగా ఉన్నదాన్ని ఉంచి మిగతావాటిని ఒకదాన్నొకటి పొడుచుకోకముందే అమ్మేయండి. వనరాజా గుడ్లు పొదగేస్తే పిల్లలు తల్లిలా రావు, సంకరం కదా. అది పొదుగుడుకు కూర్చోవడం కూడా అరుదే. నిక్కే పెట్ట ఉంది కదా, పొదుగుడు పని దానికి అప్పగించండి. బోసి మెడదాన్ని ఇంకో నాలుగు వారాలు ఆగి మళ్లీ చూడండి.