‘కంపోస్టబుల్’ కవర్లు నా కంపోస్టు డబ్బాలో కరగడం లేదు, ఎందుకు?

కిటికీతోట:
వంటింటి తడిచెత్తతో బాల్కనీలో కంపోస్టు చేస్తున్నాను. తొక్కలు, కాడలు అన్నీ నల్లగా పొడిపొడిగా అయిపోయాయి గానీ ‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్న కవర్లు మాత్రం నెలలు గడిచినా అలాగే ఉన్నాయి, మట్టి దులిపితే వాటి మీద అచ్చు కూడా చదవొచ్చు. కత్తిరించి వేసినా అంతే. లోపం నా డబ్బాలోనా, కవర్లలోనా? మామూలు ప్లాస్టిక్ మానేసి వీటికి మారి ఏమైనా లాభం ఉందా అసలు?

మట్టివాసన:
మీ డబ్బా బాగానే ఉందండీ. ఆ ముద్ర వేసే ముందు కవర్లను పరీక్షించేది పెద్ద కంపోస్టు ప్లాంట్ల పరిస్థితుల్లో, అంటే దాదాపు 58 డిగ్రీల వేడిలో. యూరప్‌లో వాడే ఈఎన్ 13432 ప్రమాణం ప్రకారం 12 వారాల్లో ముక్కలైపోవాలి, 6 నెలల్లో 90 శాతం జీర్ణమవ్వాలి. బాల్కనీ డబ్బాలో అంత వేడి పుట్టడం, పుట్టినా అన్ని రోజులు నిలవడం జరిగే పని కాదు. ‘హోమ్ కంపోస్టబుల్’ అని విడిగా రాసి ఉన్నవి వేరు, అవి మామూలు వేడిలోనే కుళ్లేలా చేసినవి.

ఒట్టి ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాటనైతే అస్సలు నమ్మకండి, ఎంత కాలంలో, ఎక్కడ అన్నది అందులో ఉండదు. ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధనలో అలాంటి సంచులు మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్నాక కూడా సామాను మోయగలిగాయి.

తడిపొడి:
కవరు సంగతి అలా ఉంచితే, మీరు చేస్తున్న పనిలో అసలు లాభం తడిచెత్తను డంపింగ్ యార్డుకి పంపకపోవడమే. అక్కడ అది గుట్టల కింద గాలి ఆడక కుళ్లి మీథేన్ వదులుతుంది, ఆ వాయువు వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మీ డబ్బాలో గాలి ఆడుతుంది కాబట్టి ఆ బాధ చాలావరకు ఉండదు. అందుకే కవరు కరగలేదని విసిగిపోయి కంపోస్టు మానేయకండి, దయచేసి.

గాలి ఆడుతోందా లేదా అన్నది చేత్తోనే తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండండి, ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు, నీళ్లు కారితే ఎండుటాకులో చింపిన అట్టముక్కలో కలిపి తిరగేయండి. వాసన కూడా తగ్గుతుంది.

లెక్కప్రకారం:
లాభం ఉందా అని అడిగారు కాబట్టి చెబుతున్నా. ఒకసారి వాడి పారేసే వస్తువు బదులు ఒకసారి వాడి పారేసే ఇంకో వస్తువుకి మారితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. గుడ్డసంచి కూడా అంతే, పత్తి పండించడానికీ నేయడానికీ అయ్యే ఖర్చు చిన్నది కాదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 లెక్కలో ఒక్క వాతావరణం కోణంలో చూసినా, ప్లాస్టిక్ కవరుకి సాటి రావాలంటే మామూలు పత్తి సంచిని యాభైసార్ల పైన వాడాలి, మిగతా పర్యావరణ ప్రభావాలన్నీ కలిపితే అది వేలల్లోకి వెళ్తుంది. ఇంట్లో ఉన్న సంచినే, అది ఏదైనా సరే, చిరిగేదాకా వాడండి. కొత్తది ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

మరో మాట, భారమంతా ఇళ్ల మీదే వేసుకోకండి. పొడిపొడిగా రాలి మట్టిలో చేరే ఆక్సో రకం ప్లాస్టిక్‌ని యూరోపియన్ యూనియన్ 2021లో నిషేధించింది, కొనేవాళ్లు ఒక్కొక్కరూ చీటీ చదివి మానేయాలంటే ఎన్నేళ్లు పట్టేదో.

కిటికీతోట:
చాలా థ్యాంక్స్ అండీ, ఇంట్లో ఏం చెప్పాలో తెలిసింది. మరి డబ్బాలో ఉన్న కవర్లు తీసేసి రీసైక్లింగ్‌లో వేయొచ్చా?

మట్టివాసన:
వద్దండీ, మామూలు ప్లాస్టిక్‌తో కలిస్తే ఆ మొత్తం పాడవుతుంది. మీ దగ్గర చెత్త తీసుకునేవాళ్లకి కంపోస్టు ప్లాంటు ఉందేమో కనుక్కోండి, లేకపోతే మిగతా చెత్తలోనే. కంపోస్టు జల్లెడ పట్టేటప్పుడు చిన్న ముక్కలు కూడా ఏరేయండి. ఇకమీదట డబ్బా అడుగున పాత న్యూస్‌పేపరు పరవండి, నిగనిగలాడే రంగు కాగితం మాత్రం వద్దు.