బొమ్మలు వేయడమే బతుకుతెరువు చేసుకోవచ్చా?

నీటిరంగు:
నేను ఒక కార్యాలయంలో పద్దులు చూస్తాను. సాయంత్రాలు, సెలవు రోజుల్లో నీటిరంగులతో బొమ్మలు వేస్తాను. తడి కాగితం మీద రంగు పెట్టగానే అది తన దారిన తాను పాకిపోతుంది. ఎక్కడ ఆగుతుందోనని ఊపిరి బిగబట్టి చూసే ఆ కాసేపటి కోసం వారమంతా ఎదురుచూస్తాను. ఈ మధ్య తెలిసినవాళ్లు, వాళ్ల ద్వారా తెలియనివాళ్లు కూడా డబ్బిచ్చి రూపచిత్రాలు వేయించుకుంటున్నారు. ఉద్యోగం మానేస్తే రోజంతా నాదే అవుతుంది కదా అనిపిస్తోంది. మరోపక్క ఇంట్లో నా జీతం మీద ఆధారపడినవాళ్లున్నారు. అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి: ఇష్టాన్ని అమ్ముకుంటే ఇష్టం మిగులుతుందా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

ఆనకట్ట:
పద్దులు చూసే మీకు నేను చెప్పాలా! ఆర్డర్లు ఒక నెల ముంచెత్తుతాయి, మరో నెల అసలు ఉండవు. బాగా నడిచిన నెలను చూసి నిర్ణయం తీసుకోకండి. అన్నిటికన్నా పలచగా వచ్చిన నెలతో ఇల్లు గడుస్తుందో లేదో చూడండి.

కుంచె:
నీటిరంగు గారూ, చాలా ఏళ్లుగా మా ఇల్లు ఆర్డరు బొమ్మల మీదే నడుస్తోంది. మీరనే ‘రోజంతా నాదే’ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అందులో సగం రోజు కుంచె ముట్టుకోను. పంపిన ఫొటో మసకగా ఉంటే ఇంకొకటి అడగాలి, బయానా రాబట్టాలి, బొమ్మ నలగకుండా అట్టల మధ్య పెట్టి పంపాలి, మిగిలిన బాకీని మర్యాదగా గుర్తుచేయాలి. తక్కిన సగంలో వేసేది నేనే అయినా, ఎలా ఉండాలో చెప్పేది డబ్బిచ్చినవారు.

ఒకామె తన తల్లి బొమ్మ వేయించుకున్నారు. కళ్ల కింద ముడతల్లో పలచటి నీలం వేస్తే, అంచున ఉన్న ఇటుక రంగు అందులోకి కొద్దిగా జారి ఎండింది. బొమ్మ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే. ఆమె మాత్రం ‘అమ్మ మరీ ముసలిదానిలా ఉంది, ముడతలు తీసేయండి’ అన్నారు. నీటిరంగులో తీసేయడమంటూ ఉండదు. తడి కుంచెతో మెల్లగా రుద్ది కొంత రంగు ఎత్తగలం, ఇంకొంచెం రుద్దితే కాగితం పొర లేచిపోతుంది. కొత్త కాగితం మీద మళ్లీ వేసిచ్చాను. ఆమె కోరిందాంట్లో తప్పేమీ లేదు, తల్లిని ఎలా గుర్తుంచుకోవాలో ఆమె ఇష్టం. కానీ ఇలాంటివి వరుసగా వస్తే చేయి ముందే జాగ్రత్తపడుతుంది, ఎవరూ అడగకముందే ముడతలు వదిలేస్తుంది. నన్ను భయపెట్టింది అదే.

మీ బెంగకు ఆధారం ఉంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలంటే ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత తమంతట తాము బొమ్మలు వేసుకోవడం తగ్గించేశారు. చెప్పకుండా చివర్లో బహుమతి ఇచ్చిన పిల్లల్లో అలా జరగలేదు. నాకు తోచేదేమంటే, డబ్బు చేతికి రావడంలో చెడు లేదు, ‘ఇది చేస్తేనే అది’ అన్న ఒప్పందంలో ఉంది.

అందుకే ఉద్యోగం ఉండాలా పోవాలా అన్నదానికన్నా ముందు, ఏది అమ్మరో తేల్చుకోండి. తత్వవేత్త స్పినోజా కటకాలు (లెన్సులు) సానపడుతూ, మిత్రుల సాయంతో బతికాడు. 1673లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇవ్వజూపింది. స్వేచ్ఛగా ఆలోచించుకోవచ్చు గాని, స్థిరపడిన మతాన్ని కలతపెట్టకూడదంది. ఆ స్వేచ్ఛ హద్దు ఎక్కడో తనకు తెలియదని ఆయన వద్దన్నాడు. కటకాల పని బతుకుతెరువుకు చేశాడు, ఆలోచనను మాత్రం షరతుకు ఒప్పుకుని అమ్మలేదు. నేను రూపచిత్రాలు అమ్ముతాను. చెట్ల బొమ్మలకు మాత్రం ఆర్డరు తీసుకోను, ఎంతిస్తానన్నా సరే.

తీగ:
కుంచె గారి మాట గౌరవిస్తూనే ఇంకో వైపు చెబుతాను. మిగిలిన సమయంలో చేద్దామనుకున్న పని మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. స్వరకర్త బోరోదిన్ వృత్తి రీత్యా రసాయన శాస్త్రవేత్త. 1869లో మొదలుపెట్టిన ఒపెరా (సంగీత నాటకం) 1887లో ఆయన పోయేనాటికి కూడా పూర్తికాలేదు, ఇతర స్వరకర్తలు పూర్తిచేశారు. నేను వయొలిన్ నేర్పుతూ బతుకుతున్నాను. పిల్లల అపస్వరాలు వినీ వినీ సాయంత్రానికి చెవులు అలసిపోతాయి, నా సొంత సాధన పొద్దున్నే అయిపోవాలి. మీ ఉద్యోగం మీలో దేన్ని అలసటపెడుతోందో గమనించండి. అంకెలు చూసిన కళ్లకు రంగులు విశ్రాంతి అయితే ఆ ఉద్యోగం మీకు శత్రువు కాదు.

నీటిరంగు:
అందరికీ కృతజ్ఞతలు. నిజమే, పద్దుల పని తర్వాత కుంచె పట్టుకుంటే హాయిగానే ఉంటుంది, చాలనిది సమయమే. వారంలో ఒక రోజు తగ్గించి, ఆ మేరకు జీతం కోసుకోమని అడగబోతున్నాను. రూపచిత్రాలకు ఆ రోజు, ఆదివారం మాత్రం పూర్తిగా నాకు. కుంచె గారూ, మార్పుల సంగతి ఎలా నెట్టుకొస్తారు?

కుంచె:
పెన్సిలు గీత దశలోనే ఫొటో తీసి పంపండి. ముడతలు, జుట్టు, బట్టల రంగు అన్నీ అప్పుడే ఒప్పించుకోండి. రంగు పడ్డాక మార్పు కావాలంటే కొత్త బొమ్మ కిందే లెక్క అని బయానా తీసుకునేటప్పుడే రాసివ్వండి.