జిగ్ లేకుండా ఉలికి పదును పెట్టేటప్పుడు ఏటవాలు ఉబ్బకుండా ఎలా చూసుకోవాలి?

టేకు, తుమ్మ చెక్కల్లో బెజ్జాలు తొలిచే ఉలులకు, కోణాన్ని పట్టి ఉంచే జిగ్ ఏదీ లేకుండా, కేవలం చేతితోనే సానరాయిపై పదును పెట్టడం నేర్చుకుంటున్నాను. వెనుక వైపును చదును చేసి, 1000 గ్రిట్ (రాతి గరుకును తెలిపే అంకె; ఇది పెరిగేకొద్దీ రాయి నునుపు) రాతిపై సుమారు 25 డిగ్రీల ఏటవాలును, అంటే అంచు దగ్గరి వాలు ముఖాన్ని, రుద్ది, వెనుక అంచు పొడవునా సన్నని పొర తిరగబడినట్లు వేలికి తెలిశాక, 6000 గ్రిట్ రాతిపై ముగిస్తున్నాను. అయితే ముందుకు వెనక్కు రుద్దేటప్పుడు మణికట్టు ఊగి ఏటవాలు మధ్యలో ఉబ్బుతోంది. పావు అంగుళం ఉలి అయితే, రాతిపై ఆనిక చాలక, పక్కకు ఒరిగి అంచు వంకర పోతోంది. నాకు ఎక్కువగా అవసరమయ్యేది ఈ సన్న ఉలే.

ఉలిని పక్కవాటుగా రుద్దితే ఈ ఊగడం తగ్గుతుందా? తుమ్మ వంటి గట్టి చెక్క కోసం అంచున 30 డిగ్రీల రెండో వాలును చేతితోనే నమ్మకంగా తీయవచ్చునా? వేళ్లు ఎక్కడ ఆనించాలో, బరువు ఎటు వేయాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.