పాత ఆర్‌పీజీలలో (మన పాత్రను పెంచుకుంటూ ఆడే వీడియో గేమ్‌లలో) ఉన్న లోతు కొత్తవాటిలో తగ్గిందా?

బెజవాడ_బాటసారి (విజయవాడ):
అందరికీ నమస్కారం. నేను 2002లో వచ్చిన మోరోవిండ్ ఆడుతూ పెరిగినవాడిని. ఈ వేసవిలో గుంటూరు నుంచి వచ్చిన మా మేనల్లుడికి అదే వరుసలోని స్కైరిమ్ పెట్టి ఇచ్చి, పక్కన కూర్చుని చూస్తున్నంతసేపూ నాకు వెలితిగానే అనిపించింది. మోరోవిండ్‌లో 27 స్కిల్స్ (పాత్ర నేర్చుకునే నైపుణ్యాలు), 8 అట్రిబ్యూట్స్ (బలం, తెలివి లాంటి మూల లక్షణాలు) ఉండేవి; 2006 నాటి ఆబ్లివియన్‌కు వచ్చేసరికి స్కిల్స్ 21 అయ్యాయి, గాలిలో తేలే మంత్రం పోయింది; 2011లో స్కైరిమ్ 18 స్కిల్స్‌తో సరిపెట్టి, అట్రిబ్యూట్స్‌నూ, సొంతంగా మంత్రాలు తయారుచేసుకునే వీలునూ తీసేసింది. ఎడమ చేతి తొడుగు, కుడి చేతి తొడుగు కూడా విడివిడిగా ఎంచుకున్న మాకు ఇది నిజంగా లోపమేనా, లేక పాతదాని మీద మమకారమేనా?

కొండవీటి_విలుకాడు (గుంటూరు):
అంకెలు తగ్గినంత మాత్రాన లోతు తగ్గినట్టు కాదండీ. ఆబ్లివియన్‌లో లెవెల్ పెరిగినప్పుడు అట్రిబ్యూట్‌కు పూర్తిగా 5 పాయింట్లు రావాలంటే ఏ స్కిల్ ఎన్నిసార్లు పెరిగిందో కాగితం మీద రాసుకుని, అవసరం లేకపోయినా దారి పొడవునా గెంతుకుంటూ వెళ్లేవాళ్లం. అది చిట్టా రాయడమే తప్ప ఆలోచించి ఆడడం కాదు.

అర్ధరాత్రి_మాంత్రికుడు:
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. నా దృష్టిలో లోతంటే ఒక నియమం వెళ్లి మరో నియమాన్ని తాకడం. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో శత్రువుల మీద నీళ్లు పడితే వాళ్లు తడుస్తారు, తడిసినవాళ్లకు పిడుగు మంత్రం రెట్టింపు దెబ్బ తీస్తుంది. నేల మీద జిడ్డు పరిచి నిప్పు తగిలిస్తే ఆ జిడ్డంతా అంటుకుంటుంది. ఇది కొత్త ఆటే కదా! అయితే 2000లో వచ్చిన దాని రెండో భాగంలో, ఎదుటి మాంత్రికుడు తన చుట్టూ వేసుకున్న రక్షణలను ఏది ముందు, ఏది తరువాత అని ఆలోచించి పొరపొరగా విప్పుకుంటూ పోవాల్సిన ఆ ద్వంద్వ యుద్ధాలు మాత్రం మూడో భాగంలో లేవు, నాకు ఆ లోటు తీరలేదు. డ్రాగన్ ఏజ్ అనే ఆటల వరుస సంగతి మరీ బాధాకరం. 2009 నాటి తొలి ఆటలో సహచరుడి ప్రాణశక్తి ఇంతకంటే తగ్గితే ఈ మందు తాగాలని మనమే షరతులు రాసిపెట్టేవాళ్లం. 2024 నాటి ఆటలో ఆ సహచరులను స్వయంగా నడిపే అవకాశమే లేదు. కాబట్టి ఇది కాలం చేసిన పని కాదు, ఎవరి కోసం ఆట తయారుచేస్తున్నామన్న నిర్ణయం చేసిన పని.

బెజవాడ_బాటసారి:
ఇద్దరికీ ధన్యవాదాలు. చిట్టా విషయంలో విలుకాడు గారి మాట ఒప్పుకుంటున్నాను. నా వెలితి ఎక్కడుందో నిన్న తెలిసింది. మేనల్లుడి చేత దిక్సూచి మీది బాణం గుర్తు కనపడకుండా క్వెస్ట్‌ను (ఆటలో అప్పగించిన పనిని) ఆపు చేయించి, మనిషి చెప్పిన మాటలనుబట్టి గుహను వెతకమన్నాను. మోరోవిండ్‌లోనైతే వంతెన దాటి, ఫలానా మలుపులో ఎడమకు తిరగమని చెప్పేవారు, అది డైరీలోకి ఎక్కేది. ఇక్కడ గుహ పేరు తప్ప దారి ఎవరూ చెప్పలేదు. వాడు గంటసేపు మంచులో తిరిగి, "మామయ్యా, ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పలేదు కదా" అన్నాడు. బాణాన్ని మళ్లీ పెట్టక తప్పలేదు.