ఉలాన్‌బాతర్ వెళ్ళడానికి ఏ మంగోలియన్ నేర్చుకోవాలి?

ప్రశ్న: ఉద్యోగం మీద ఉలాన్‌బాతర్ వెళ్తున్నానండి. ఒక పాఠంలో రష్యన్ అక్షరాలున్నాయి, ఇంకోదాంట్లో నిలువు రాత ఉంది. ఏది పట్టుకోవాలి? "నుంచి" అనడానికి ఒకచోట ఆస్, ఒకచోట ఏస్, ఇంకోచోట ఓస్ అని ఎందుకుంది?

జవాబు: మీకు కావలసింది ఖల్ఖా మాండలికం. మంగోలియా దేశపు ప్రామాణిక భాష దాని మీదే నిలిచింది. రాసేది సిరిలిక్‌లో: రష్యన్ అక్షరాలు 33, వాటికి రెండు అచ్చులు చేర్చి 35. నిలువు రాతతో నడిచే పాఠాలు ఎక్కువగా చైనాలోని ఇన్నర్ మంగోలియావి, అక్కడి ప్రామాణికం చఖార్. ఆడియో వింటే ఇట్టే తెలుస్తుంది. టీని చఖార్‌లో "చై" అంటారు. ఖల్ఖాలో అదే మాటని మన "చాప"లోని చ లాగా మొదలుపెడతారు. నిలువు లిపినీ పూర్తిగా వదిలెయ్యకండి, 2025 నుంచి ప్రభుత్వ పత్రాల్లో రెండు లిపులూ వాడాలని చట్టం ఉంది. కానీ ముందు సిరిలిక్.

ఇంకో జవాబు: ప్రత్యయం మాటలోని అచ్చుని బట్టి మారుతుంది. మనం "మనిషికి" అని, "మనుషులకు" అంటాం కదా, ఆ పోకడే అక్కడ భాషంతా పరుచుకుంది. ఉలాన్‌బాతర్ నుంచి: ఉలాన్‌బాతరాస్. ఇండియా నుంచి: ఎనెత్‌హెగేస్. హొత్ అంటే నగరం, నగరం నుంచి హొతోస్. నడుమ అడ్డగీత ఉండే ө అనే అచ్చున్న మాటలకి నాలుగో రూపం ఉంది. తప్పు జరిగేది ఎక్కడంటే, మొదటి అచ్చు ఒక్కటే చూసి ప్రత్యయం తగిలించడం దగ్గర. ఒయూతన్ (విద్యార్థి) ఒ తో మొదలైనా, మధ్యలో ఊ వచ్చి ఆ ప్రభావాన్ని తెంచేస్తుంది. అందుకే ఒయూత్నాస్, ఓస్ కాదు.

ప్రశ్న: నీళ్ళకీ జుట్టుకీ రెంటికీ "ఉస్" అనే వినబడుతోంది?

జవాబు: రెండూ వేరే అచ్చులండి. జుట్టుది మన ఉ కి దగ్గర, రాతలో తోక వంగకుండా నిటారుగా ఉంటుంది. నీళ్ళది నోరు ఇంకాస్త తెరిచి, ఉ కీ ఒ కీ మధ్యన పలకాలి. పలకరింపులో చివరి ఊ కూడా ఈ రెండోదే. "సైన్ బైన ఊ" అని రాసున్నది "సైంబైనో" అన్నట్టు చెవిన పడేది అందుకే.

ఇంకో జవాబు: "బైన" చివరి అ ని ఒత్తి పలకకండి. అక్కడ న ని స్పష్టంగా పలకమని చెప్పడానికే అది రాస్తారు. వెనక అచ్చు లేకుండా న తో ముగిసే మాటలో ఆ న ముక్కులోకి పోతుంది: రాజు అనే "హాన్" వినడానికి "హాఙ్". వాక్యనిర్మాణానికి భయపడక్కర్లేదు. "బి నొమ్ ఉన్షిజ్ బైన" అంటే నేను పుస్తకం చదువుతూ ఉన్నాను, అదే వరుసలో.